పుస్తకం మూశాక మొదలయ్యే చదువు

విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో నేను కూర్చునే బల్లకు ఎదురుగా మొన్న ఒక కుర్రవాడు రాజ్యాంగం పుస్తకాన్ని మూడోసారి చదువుతున్నాడు. మూడోసారి అని నాకెలా తెలిసిందంటే, మొదటిసారి పెన్సిలుతోనూ రెండోసారి నీలి ఇంకుతోనూ గీసుకున్న గీతల మీద ఇప్పుడు పచ్చ హైలైటర్‌తో రుద్దుతున్నాడు. టీ తాగడానికి బయటికి వచ్చినప్పుడు పుస్తకం లోపలే వదిలి వచ్చాడు కనుక, ప్రాథమిక హక్కులు ఎన్ని, అవేమిటి అని అడిగాను. ఆరు అని చప్పున చెప్పాడు. సమానత్వం, స్వాతంత్ర్యం, మత స్వాతంత్ర్యం అంటూ మూడు వేళ్ళు మడిచి ఆగిపోయాడు. "తెలుసు మాస్టారూ, పొద్దుటే చదివాను, గుర్తురావడం లేదంతే" అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. కంటి ముందుకు వచ్చినదాన్ని పోల్చుకోవడం ఒక శక్తి, కంటి ముందు ఏమీ లేనప్పుడు లోపలినుంచి తెచ్చుకోవడం మరొక శక్తి. ఒకే పేజీని పదేపదే చదివితే మొదటిది బాగా పెరుగుతుంది, రెండోది అంతంతమాత్రంగానే పెరుగుతుంది. పెరిగిన మొదటిదాన్ని చూసి రెండోది కూడా వచ్చేసిందని మనం అనుకుంటాం. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నేను కూడా ఒక శాఖాపరమైన పరీక్ష కోసం నిబంధనల పుస్తకాన్ని నాలుగుసార్లు చదివి, ఏ నిబంధన ఏ పేజీలో ఎడమవైపు ఉందో కుడివైపు ఉందో కూడా తెలిసినవాణ్ణై పరీక్షకు వెళ్ళి, నిబంధన మాత్రం రాయలేక తప్పాను. ఆ తరువాత ఈ విషయం మీద చదివినదాన్ని, నా మీదా ఇరుగుపొరుగు పిల్లల మీదా ప్రయత్నించి చూసినదాన్ని, ఆచరణకు పనికివచ్చేలా ఇక్కడ చెబుతున్నాను.

ముందు లోపలికి వెళ్ళనివ్వాలి

మనసు ఒకసారికి పట్టి ఉంచగలిగేది ఎంత కొంచెమో ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. సంబంధం లేని మూడు హల్లులను, ట, జ, మ వంటివాటిని, ఎవరిచేతనైనా ఒక్కసారి చెప్పించుకోండి. విన్న వెంటనే 506 నుంచి మూడేసి తగ్గిస్తూ 503, 500, 497 అని పైకి లెక్కపెట్టండి. పద్దెనిమిది సెకన్ల తరువాత ఆ హల్లులను తిరిగి చెప్పడానికి ప్రయత్నించండి. మొదటిసారి బాగానే చెప్పగలరు, కానీ అక్షరాలు మార్చి నాలుగైదుసార్లు చేసేసరికి తడబాటు మొదలవుతుంది. అమెరికాలో 1959లో లాయిడ్ పీటర్సన్, మార్గరెట్ పీటర్సన్ దంపతులు ఈ ప్రయోగాన్ని అనేక విడతలుగా చేయించినప్పుడు, 18 సెకన్ల తరువాత సరిగా చెప్పినవి పదింట ఒకటి కూడా లేవు. వల్లె వేసుకునే వీలు లేకపోతే, విన్నది నిలిచేది సెకన్లలోనే.

ఒక పేరా చదువుతూ మధ్యలో వాట్సాప్ తెరిచినవారు తమ మీద తాము చేసుకుంటున్నది సరిగ్గా ఈ ప్రయోగమే, కాకపోతే వెనక్కి లెక్కపెట్టడానికి బదులు మేనత్తగారి శుభోదయం బొమ్మ చూస్తున్నారు. అందువల్ల మొదటి పని ఫోనును బల్ల మీద బోర్లా పెట్టడం కాదు, సంచిలో వేసి సంచిని కుర్చీ కింద పెట్టడం.

ఒకసారికి ఎన్ని అంశాలు పడతాయన్న ప్రశ్నకు 1956లో మనస్తత్వవేత్త జార్జి మిల్లర్ ఇచ్చిన జవాబు ఏడు, అటూఇటూగా రెండు. వల్లె వేయడానికీ గుంపులు కట్టడానికీ అవకాశం లేకుండా చేస్తే ఆ సంఖ్య నాలుగు చుట్టుపక్కలే ఉంటుందని 2001లో నెల్సన్ కోవన్ వాదించాడు. నేను నాలుగునే లెక్కలోకి తీసుకుంటాను. అయితే ఆ నాలుగింటిలో ఒక్కొక్కటి ఎంత పెద్దదైనా ఉండవచ్చు. 192620141947 అనే పన్నెండు అంకెలను విడివిడిగా మోయడం కష్టం. కానీ ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టిన 1926, హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014, స్వాతంత్ర్యం వచ్చిన 1947 అని విడగొట్టుకున్న విశాఖవాసికి అవి మూడే అంశాలు. ఆధార్ సంఖ్యను నాలుగేసి అంకెల చొప్పున విడదీసి ముద్రించడం వల్ల మనకు కలిగే సుళువు కూడా ఇటువంటిదే. చదువుతున్న పేరాలో కొత్త సంగతులు నాలుగు దాటుతున్నాయని అనిపిస్తే అక్కడే విరిచి, చదివిన భాగానికి సొంత మాటల్లో ఒక పేరు పెట్టుకుని, అప్పుడు ముందుకు వెళ్ళాలి. ఈ పేరు పెట్టుకునేటప్పుడు "ఇది ఎందుకు ఇలా ఉంది" అని ఒక్క క్షణం ఆలోచించడం మంచిది, ఎందుకంటే మాట రూపాన్నో శబ్దాన్నో గమనించి వదిలేసినప్పటికన్నా దాని అర్థం గురించి ఆలోచించినప్పుడు అది మనసులో బాగా నాటుకుంటుందని ప్రయోగాలు చెబుతున్నాయి.

లోపలికి వెళ్ళినది గట్టిపడటానికి

ఇక్కడ ఒక రోగి కథ చెప్పక తప్పదు. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు 1953లో, ఇరవై ఏడేళ్ల వయసులో, మూర్ఛలు తగ్గించడం కోసం శస్త్రచికిత్స చేసి, మెదడులో రెండు వైపులా ఉండే హిప్పోక్యాంపస్‌ను చాలావరకు తొలగించారు. మూర్ఛలు తగ్గాయి, బాల్యపు సంగతులు మిగిలాయి, మాట తీరూ తెలివీ చెడలేదు. కానీ ఆనాటి నుంచి 2008లో మరణించేవరకూ కొత్త సంఘటన ఏదీ అతని మనసులో నిలవలేదు. దశాబ్దాల తరబడి తనను పరీక్షించిన బ్రెండా మిల్నర్ గదిలోకి వచ్చిన ప్రతిసారీ అతనికి ఆమె కొత్త మనిషే. ఆ మిల్నర్ ఒక పరీక్ష పెట్టింది. అద్దంలో మాత్రమే చూస్తూ, కాగితం మీద ఉన్న నక్షత్రపు గీతల మధ్య పెన్సిలు నడపాలి. అతను రోజురోజుకూ మెరుగయ్యాడు, అయినా ఆ పని అంతకుముందు చేసిన సంగతి అతనికి తెలియదు.

దీన్నిబట్టి రెండు విషయాలు తేలాయి. సంఘటనలనూ సమాచారాన్నీ కొత్తగా నమోదు చేయడానికి హిప్పోక్యాంపస్ కావాలి కానీ, పాత జ్ఞాపకాలన్నీ శాశ్వతంగా దానిలోనే ఉండిపోవు. చేతికి వచ్చే పనితనం వేరే దారిలో నిలుస్తుంది. చదువుకునేవారికి ఈ రెండో సంగతి ముఖ్యం. లెక్కల పుస్తకంలో చేసి పెట్టిన లెక్కలను "అర్థమైంది, అర్థమైంది" అనుకుంటూ చదివేయడం స్కూటర్ నడపడం గురించి చదవడం వంటిదే. లెక్క చేత్తో చేయవలసిందే, టైపింగ్ వేళ్ళతో నేర్చుకోవలసిందే.

కొత్త జ్ఞాపకం నాడీకణాల మధ్య ఉండే కలయికలు బలపడటం వల్ల నిలుస్తుంది. 1973లో టిమ్ బ్లిస్, టెర్యె లోమో కుందేలు హిప్పోక్యాంపస్‌లో కొద్దిసేపు వేగంగా విద్యుత్ ప్రేరణ ఇస్తే ఆ కలయిక గంటల తరబడి బలంగా ఉండిపోతుందని ప్రకటించారు. సముద్రపు నత్త జాతి జీవి మీద ఏళ్ల తరబడి పనిచేసి 2000 సంవత్సరపు నోబెల్ బహుమతిని ఇద్దరితో పంచుకున్న ఎరిక్ కాండెల్, కాసేపు నిలిచే జ్ఞాపకానికి అప్పటికే ఉన్న కలయికలలో మార్పు చాలునని, రోజుల తరబడి నిలిచేదానికి మాత్రం కణం కొత్త ప్రోటీన్లను తయారు చేసుకోవాలని చూపించాడు. తయారీకి సమయం పడుతుంది. శ్లాబు పోసినవాడు నీళ్ళు పట్టకుండా వెళ్ళిపోతే ఏమవుతుందో మేస్త్రీలను అడగనక్కరలేదు. నిద్ర ఆ నీళ్ళు పట్టడం వంటిది. ఎలుకలు ఒక చోట తిరుగుతున్నప్పుడు జతగా పనిచేసిన హిప్పోక్యాంపస్ కణాలు, ఆ తరువాతి నిద్రలో మళ్ళీ జతగా స్పందించడాన్ని 1994లో మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ గమనించారు.

కాబట్టి పరీక్ష ముందు రాత్రి తెల్లవార్లూ కూర్చోవడం పోసిన శ్లాబును పగలగొట్టుకోవడమే. రాత్రి తొమ్మిదిన్నరకు చివరిసారి గుర్తుచేసుకుని, పడుకుని, లేచిన వెంటనే ఫోను ముట్టకుండా రాత్రి చదివినదాన్ని మరొకసారి మనసులోకి తెచ్చుకోవడం నేను చెప్పగలిగిన మేలైన పద్ధతి.

మరపు ఎలా నడుస్తుంది

మరపును మొదటిసారి కొలిచినవాడు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. 1885లో ప్రచురించిన తన గ్రంథంలో, అర్థం లేని అక్షర సముదాయాలను తానే కంఠస్థం చేసి, కొంత విరామం తరువాత మళ్ళీ కంఠస్థం చేయడానికి ఎంత శ్రమ తగ్గిందో లెక్క వేశాడు. ఇరవై నిమిషాల తరువాత సుమారు 58 శాతం, ఒక రోజు తరువాత 34 శాతం, 31 రోజుల తరువాత 21 శాతం శ్రమ ఆదా అయింది. ఈ అంకెలను "ఒక రోజులో 66 శాతం మరిచిపోతాం" అని చెప్పడం పరిపాటి అయిపోయింది కానీ అది సరికాదు. ఆయన కొలిచినది తిరిగి నేర్చుకోవడంలో ఆదా, అదీ అర్థం లేని అక్షరాల విషయంలో. అర్థం ఉన్న విషయం అంత వేగంగా జారిపోదు. ఆ అంకెలలో మనకు ధైర్యం ఇచ్చే సంగతి కూడా ఉంది. నెల తరువాత ఒక్క ముక్క కూడా గుర్తురానట్టు అనిపించినా, ఐదోవంతు శ్రమ మిగిలింది కదా. పూర్తిగా మరిచిపోయాననుకున్న పాఠాన్ని తిరిగి చదవడానికి కూర్చున్నవారు మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టడం లేదు.

జారిపోవడం ప్రధానంగా మొదటి గంటలలో, మొదటి రోజున జరుగుతుంది, తరువాత నెమ్మదిస్తుంది. కనుక మొదటి పునశ్చరణ ఆ రోజే, ఆ రాత్రి లోపలే ఉండాలి. వారాంతంలో అన్నీ ఒకేసారి చూసుకుందామనుకునే పద్ధతి, కారిపోయిన కుండకు తరువాత మైనం పూయడమే అవుతుంది.

మరపుకు రెండో కారణం ఒకదానికొకటి అడ్డుపడటం. ప్రతి ఆదివారం నేను పూర్ణా మార్కెట్‌కు కూరలకు వెళతాను, స్కూటర్‌ను దొరికిన చోట పెడతాను. ఒకరోజు రెండు చేతులా సంచులతో బయటికి వచ్చి, పెట్టిన చోట స్కూటర్ లేదని గాభరాపడి, పక్కనున్న బండివాణ్ణి కూడా కంగారు పెట్టాక, అది గత ఆదివారం పెట్టిన చోటు అని తెలిసింది. ఆ రోజు పెట్టిన స్కూటర్ పక్క సందులో క్షేమంగా ఉంది. ఆనాటి జ్ఞాపకం చెరిగిపోలేదు, పోయిన వారపు జ్ఞాపకం దానికి అడ్డు నిలబడింది. ఇప్పుడు తాళం తీసేటప్పుడు, అక్కడ ఆ రోజుకు మాత్రమే ఉన్న గుర్తునొకదాన్ని పైకి పలుకుతాను: "ఈరోజు పనసకాయల తోపుడు బండి, ఎర్ర గొడుగు." చుట్టుపక్కలవారు ఒకసారి చూసి ఊరుకుంటారు.

చదువులో ఇదే చిక్కు ఒకేలాంటి విషయాలతో వస్తుంది. రాజ్యాంగ 42వ సవరణ 1976లోను, 44వ సవరణ 1978లోను వచ్చాయి. రెండింటినీ ఒకే సాయంత్రం చదివినవారు ప్రవేశికలో సామ్యవాద, లౌకిక పదాలు దేనివల్ల చేరాయో, ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల నుంచి దేనివల్ల తొలగిందో తారుమారు చేస్తారు. మొదట వాటిని వేర్వేరు రోజుల్లో నేర్చుకోవాలి. రెండూ కుదురుకున్నాక ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టి, పోలికలను వదిలేసి తేడాలను మాత్రమే రాసుకోవాలి. మొదటిదానివల్ల పదాలూ విధులూ చేరాయి, రెండోదానివల్ల ఆస్తి జారింది అన్నంత చిన్న వాక్యం చాలు.

అసలు పని: బయటికి తీయడం

ఈ వ్యాసమంతటిలో ఒక్కదాన్నే పాటించే ఓపిక ఉంటే ఈ భాగాన్ని పాటించండి. రెండు మూడు పేజీలను ఒకే ఒక్కసారి, శ్రద్ధగా, గీతలు గీయకుండా చదవండి. పుస్తకం మూసి, అవతలికి నెట్టి, పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు గుర్తొచ్చినదంతా రాయండి. వరుస తప్పినా, సగం వాక్యాలైనా పరవాలేదు. కలం ఆగిపోయినప్పుడు వెంటనే పుస్తకం తెరవకండి, ఒక నిమిషం పాటు ఆ ఇబ్బందిని భరించండి. నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాటను వెతుక్కుంటున్నప్పుడు దాని మొదటి అక్షరమో, ఆ మాట పొడవో తోచడం అందరికీ అనుభవమే, ఆ తునకను పట్టుకునే మిగిలినది లాగాలి. ఇక రాదని తేలాక పుస్తకం తెరిచి, వదిలేసినవాటిని, తప్పు రాసినవాటిని మాత్రమే ఎర్ర ఇంకుతో చేర్చండి. ఈసారి ఆ ఎర్ర ముక్కలనే చదవాలి, పేజీ మొత్తాన్ని కాదు.

ఇది చదవడంకన్నా కష్టంగా, తక్కువ ఫలితం ఇస్తున్నట్టుగా అనిపిస్తుంది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే చేసిన ప్రయోగం ఈ భ్రమను చక్కగా పట్టి చూపింది. ఒక బృందం ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివింది, మరొక బృందం ఒక విడత చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తుచేసుకుని రాసింది. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే నాలుగు విడతలూ చదివినవారు 83 శాతం, గుర్తుచేసుకున్నవారు 71 శాతం చెప్పగలిగారు. వారం తరువాత పరీక్షిస్తే చదివినవారు 40 శాతానికి పడిపోయారు, గుర్తుచేసుకున్నవారు 61 శాతం దగ్గర నిలిచారు. మనం మన చదువును ఐదు నిమిషాల లెక్కతో కొలుచుకుంటాం, పరీక్ష బోర్డువారు వారాల లెక్కతో కొలుస్తారు.

గుర్తుచేసుకోవడం ఒక్కటే చాలదు, దాని మధ్య ఎడం కూడా ఉండాలి. ఒకే రోజు పదిసార్లు గుర్తుచేసుకున్నదానికన్నా నెల రోజుల్లో నాలుగుసార్లు గుర్తుచేసుకున్నది గట్టిగా నిలుస్తుంది. పరీక్ష నెల రోజుల్లో ఉంటే నేను చెప్పే వరుస ఆ రాత్రి, మూడో రోజు, పదో రోజు, ఇరవై ఐదో రోజు. ఇది శాసనం కాదు. గుర్తు ఎంత దూరం కావాలో ఎడం అంత పెరగాలన్నదే ఇందులోని సూత్రం. ఏడాది తరువాతి పరీక్షకు చదివేవారు వారాల ఎడం పెట్టుకోవచ్చు. మళ్ళీ కూర్చునేసరికి కొంచెం మరపు పట్టి ఉండాలి. తడుముకోకుండా వచ్చేస్తున్నదాన్ని మళ్ళీ చెప్పుకోవడం వల్ల సంతోషం తప్ప లాభం తక్కువ.

ఏ రోజు ఏది గుర్తుచేసుకోవాలో గుర్తుపెట్టుకోవడం మరొక భారం కాకుండా, జర్మన్ భాషలో రాసిన పాత్రికేయుడు సెబాస్టియన్ లైట్నర్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పెట్టెల పద్ధతి ఉంది. మా ఇంట్లో దానికి మాడుగుల హల్వా అట్టపెట్టెలు మూడు పనికివచ్చాయి. చీటీకి ఒకవైపు ప్రశ్న, వెనకవైపు జవాబు రాయాలి. కొత్త చీటీలన్నీ మొదటి పెట్టెలో ఉంటాయి, దాన్ని రోజూ చూడాలి. జవాబు చెప్పగలిగిన చీటీ రెండో పెట్టెకు వెళుతుంది, దాన్ని మూడు రోజులకొకసారి చూడాలి. అక్కడా నెగ్గితే మూడో పెట్టె, దాన్ని పది రోజులకొకసారి. ఎక్కడ తప్పినా మళ్ళీ మొదటి పెట్టెకే రావాలి. మా చెల్లెలి కూతురు చీటీ వెనక జవాబును సగం చూసి "వచ్చేసింది మావయ్యా" అని రెండో పెట్టెలో వేసేది. పెట్టెలకు ఉన్న బలహీనత అదొక్కటే. జవాబు పైకి చెప్పాకే చీటీ తిప్పాలన్న నియమం పెట్టాక కుదిరింది.

ఈ సంగతి మనవారికి ప్రయోగశాలలకు ముందే తెలుసునని చెప్పడానికి అష్టావధానం చాలు. అవధానం అంటేనే ఏకాగ్రత. ఎనిమిది మంది పృచ్ఛకులు సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన అంటూ వేర్వేరు అంశాలు ఇస్తారు. అవధాని ఒక పద్యాన్ని ఒకేసారి పూర్తిచేయడు, ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చెప్పి మరొక పృచ్ఛకుడి దగ్గరకు వెళతాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు ఇవాళ ఇంట్లో ఏం కూర అని అడుగుతూనే ఉంటాడు. తిరిగి వచ్చినప్పుడల్లా అవధాని ఆగిన చోటును లోపలినుంచి తెచ్చుకోవాలి, చివర ధారణలో పద్యాలన్నీ వరుసగా అప్పగించాలి. ఎడం, అడ్డంకి, చూడకుండా తెచ్చుకోవడం మూడూ ఆ ప్రక్రియలోనే కుట్టి ఉన్నాయి. మనకు పద్యాలు అల్లడం రాకపోవచ్చు కానీ చరిత్ర ఒక అరగంట, లెక్కలు ఒక అరగంట, మళ్ళీ చరిత్రకు వచ్చి ఆగిన చోటును పుస్తకం తెరవకుండా పట్టుకోవడం చేయవచ్చు.

దారం చివర చేతికి అందేలా

లోపల ఉన్నది రాకపోవడానికి తరచు కారణం దాన్ని లాగే దారం లేకపోవడం. ఆ దారాన్ని మనమే కట్టుకునే పాత పద్ధతి ఒకటి గ్రీకులనాటిది: బాగా తెలిసిన దారి వెంట మనసులో నడుస్తూ ఒక్కో మజిలీలో ఒక్కో విషయాన్ని బొమ్మగా నిలబెట్టడం. విశాఖలో పెరిగినవారికి బీచ్ రోడ్డుకన్నా తెలిసిన దారి ఏముంటుంది. గ్రంథాలయంలోని ఆ కుర్రవాడి చేత ఆరు హక్కులనూ అక్కడే పెట్టించాను.

కాళీమాత గుడి ముందు విడిచిన చెప్పులన్నీ, ఎవరివైనా, ఒకే కొలతలో ఒకే వరుసలో ఉన్నాయి: సమానత్వపు హక్కు. కొంచెం ముందుకు, ఒడ్డున కట్టేసి ఉన్న కురుసుర జలాంతర్గామి గొలుసులు తెంచుకుని నీళ్ళలోకి దూకేస్తోంది: స్వాతంత్ర్యపు హక్కు. దానికి ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం రెక్కలను కూలి లేకుండా తుడుస్తున్న పిల్లలు గుడ్డలు విసిరేసి దిగిపోతున్నారు: దోపిడీని నిరోధించే హక్కు. వుడా పార్కులో గంట, అజాన్, చర్చి పాట ఒకేసారి వినిపిస్తున్నాయి: మత స్వాతంత్ర్యపు హక్కు. లాసన్స్ బే ఇసుకలో పలకలు పట్టుకున్న పిల్లలు థింసా ఆడుతున్నారు: సాంస్కృతిక, విద్యా హక్కులు. తెన్నేటి పార్కు దగ్గర, 2020 అక్టోబరులో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆ బంగ్లాదేశ్ ఓడ మీద నల్లకోటు వేసుకున్న న్యాయవాది పిటిషన్ రాసుకుంటున్నాడు: రాజ్యాంగ పరిహారపు హక్కు. ఓడ పక్కన 32 అని సున్నంతో రాసి ఉంది, ఆ అధికరణం అదే కనుక.

బొమ్మలు ఎంత వింతగా ఉంటే అంత మేలు, మర్యాదగా ఉండవలసిన అవసరం లేదు. అతను రెండు రోజుల తరువాత ఆరూ వరుసలో చెప్పాడు. ఈ పద్ధతికి హద్దు కూడా ఉంది: ఇది జాబితాలకూ వరుసలకూ పనికివస్తుంది కానీ, ఒక తీర్పు వెనుక వాదనను అర్థం చేసుకోవడానికి పనికిరాదు. అర్థం చేసుకోవలసినదానికి బొమ్మ కట్టి తప్పించుకునేవారిని చూశాను, ప్రశ్న కొంచెం మలుపు తిరిగితే నిలవలేరు.

చదివిన చోటు కూడా దారమేనా అన్నది వేరే సంగతి. 1975లో డంకన్ గాడెన్, అలన్ బాడ్లీ స్కాట్లాండ్‌లో ఈతగాళ్ళకు కొన్ని మాటలను నీటి అడుగున, కొన్నింటిని ఒడ్డున నేర్పి, నేర్చిన చోటే పరీక్షిస్తే బాగా గుర్తొచ్చాయని చూపించారు. నౌకాదళపు ఊరు కనుక ఈ ప్రయోగం ఇక్కడివారికి నచ్చుతుంది. కానీ 2021లో దాన్ని తిరిగి చేసినప్పుడు ఆ తేడా కనబడలేదు. కాబట్టి పరీక్ష హాలు వాసన కోసం వెతుక్కోనక్కరలేదు, అప్పుడప్పుడు చోటు మార్చి గుర్తుచేసుకుంటే సరిపోతుంది.

గట్టిగా గుర్తుందని నమ్మేటప్పుడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎక్కడున్నారని విశాఖలో పెద్దవారిని ఎవరిని అడిగినా, కిటికీ అద్దం ఎటు పగిలిందో, పక్కన ఎవరున్నారో చూస్తున్నట్టే చెబుతారు. ఇంత స్పష్టమైన జ్ఞాపకం తప్పు కాదనే అనుకుంటాం. 1986 జనవరిలో ఛాలెంజర్ అంతరిక్షనౌక పేలిన మరునాడు ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ విద్యార్థుల చేత ఆ వార్తను ఎక్కడ, ఎలా విన్నారో రాయించి, సుమారు రెండున్నరేళ్ళ తరువాత మళ్ళీ రాయించారు. చాలామంది కథనాలు మారిపోయాయి, నమ్మకం మాత్రం తగ్గలేదు. తమ చేతిరాతనే చూపించినా కొందరు ఒప్పుకోలేకపోయారు. గుర్తుచేసుకున్న ప్రతిసారీ జ్ఞాపకాన్ని కొంత తిరిగి కడతాం, కట్టేటప్పుడు ఆ తరువాత విన్న మాటలు కూడా ఇటుకలుగా చేరతాయి.

ప్రశ్న వేసే మాట కూడా చేరుతుంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అందరికీ అవే కారు ప్రమాదపు ఫిల్ములను చూపి, కార్లు ఒకదాన్నొకటి "తాకినప్పుడు" వేగమెంత అని కొందరినీ, "గుద్దేసుకున్నప్పుడు" ఎంత అని కొందరినీ అడిగితే, మొదటివారు సగటున గంటకు 31.8 మైళ్ళనీ, రెండోవారు 40.8 మైళ్ళనీ చెప్పారు. ఎన్‌ఏడీ కూడలిలో ప్రమాదం చూసినవారు పోలీసులకో బీమా మనిషికో చెప్పవలసి వస్తే, పక్కవారితో చర్చించకముందే, ఎవరూ ఏమీ అడగకముందే, చూసినదాన్ని ఫోనులో సొంత మాటల్లో సమయంతో సహా రాసుకోవాలి. ఇంట్లో పొలం హద్దుల మాటా అప్పు మాటా అంతే. "నాకు బాగా గుర్తుంది" అన్న మాట కాగితానికి బదులు కాదు.

పెద్దవారి విషయంలో

వయసుతో పేర్లు ఆలస్యంగా తట్టడం, గదిలోకి ఎందుకు వచ్చామో ఒక్క క్షణం తోచకపోవడం మామూలే. తాళాలు ఎక్కడ పెట్టామో మరవడం ఒకటి, తాళం దేనికో తెలియకపోవడం మరొకటి. అలవాటైన దారిలో తప్పిపోవడం, గంటలో అదే ప్రశ్న పలుమార్లు అడగడం, డబ్బు లెక్కలు చేయలేకపోవడం కనిపిస్తే వయసుదేనని ఊరుకోకుండా వైద్యుణ్ణి కలవాలి. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ తగ్గుదల, కుంగుబాటు, కొన్ని మందులు కూడా మతిమరుపు తెస్తాయి, వాటిలో చాలావాటికి చికిత్స ఉంది.

మామూలు మరపైతే ఇంట్లోవారు చేయవలసినది జవాబు అందించడం కాదు, దారం చివర అందించడం. మా అత్తగారికి డెబ్బై తొమ్మిది. సాయంత్రం దీపం పెట్టాక చిన్నప్పటి వృత్తపద్యమొకటి ఎత్తుకుని, మూడో పాదంలో ఆగి, మళ్ళీ మొదటికి వెళ్ళి పరుగున వచ్చి అదే చోట ఆగుతారు. పిల్లలు ఫోనులో వెతికి పాదం మొత్తం చదివేసేవారు, ఆవిడ "ఆఁ, అదే" అని ఊరుకునేవారు, మరునాడు మళ్ళీ అక్కడే ఆగేవారు. వృత్తాలలో నాలుగు పాదాలకూ రెండో అక్షరం ప్రాసగా కలుస్తుంది కదా. ఇప్పుడు నేను ఆ ఒక్క ప్రాసాక్షరాన్ని పలికి, పిల్లలను నోరు మూసుకోమని సైగ చేసి, పదిహేను దాకా మనసులో లెక్కపెడతాను. నిన్న పదకొండు దగ్గర పాదం వచ్చింది.